పరిగె అనే మాట దగ్గర ఆగిన చదువు

మా చర్చిలో ఒక సోదరుడితో కూర్చుని బైబిల్ చదివిన కేసు ఇది, రాయడానికి అతని అనుమతి తీసుకున్నాను. రాశాక ముందు అతనికే చదివి వినిపించాను. పేరు, సొంత ఊరు, కంపెనీ, అపార్ట్‌మెంట్, సంఘం వివరాలు ఇవ్వడం లేదు. అతణ్ణి గుర్తుపట్టే వీలున్న రెండు మూడు సంగతులు మార్చాను. నేను బెంగళూరు తూర్పు వైపున ఒక తెలుగు క్రైస్తవ సంఘంలో పద్నాలుగేళ్లుగా వాక్య పరిచర్యలో ఉన్నాను. ఆదివారం ప్రసంగం కన్నా, వారం మధ్యలో ఒక్కొక్కరితో కూర్చుని బైబిల్ చదవడానికే నా సమయం ఎక్కువగా పోతుంది. బైబిల్ క్రమం తప్పకుండా చదివే మనిషికి కూడా వాక్యం ఎందుకు అందకుండా పోతుందో ఈ ఒక్క కేసు నాకు నేర్పింది. ఇలాంటివారు నా దగ్గరికి ఇంకా వస్తున్నారు, అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

అతనికి నలభై దగ్గర పడుతున్నాయి. కోస్తా జిల్లాలో మూడు తరాల క్రైస్తవ కుటుంబం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భార్య, ఇద్దరు పిల్లలు, ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గరలో సొంత ఫ్లాట్. మా సంఘంలో ఆరేళ్లు సండేస్కూల్ నడిపాడు. లెక్కల్లో నమ్మకస్తుడని అపార్ట్‌మెంట్ వాళ్లు అతణ్ణి అసోసియేషన్ ట్రెజరర్‌గా పెట్టుకున్నారు. ఈ చివరి సంగతి మొదట్లో నేను పట్టించుకోలేదు. అది ముఖ్యమని తెలియడానికి నాకు అయిదు నెలలు పట్టింది.

అతను బైబిల్ చదవని రోజు దాదాపు లేదు. మొత్తం గ్రంథంలో 1,189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకు మూడు నాలుగు చదవాలి. ఫోన్‌లో ఒక ప్లాన్ పెట్టుకుని, ఇంగ్లీషులో, నాలుగుసార్లు పూర్తి చేశాడు. ఆఫీసు పనిలో పడి నాలుగు రోజులు తప్పితే శనివారం రాత్రి కూర్చుని పన్నెండు, పద్నాలుగు అధ్యాయాలు ఒక్క బిగిన చదివి లెక్క సరిచేసేవాడు.

ఏ సమస్యతో వచ్చాడు

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో అందరికీ ఒక్కొక్క బైబిల్ వచనం రాసిన వాగ్దానపు కార్డులు ఇస్తాం. తరువాతి వారం అతను ఆ కార్డు పట్టుకుని వచ్చాడు. "అయ్యగారూ, ఇది నాకోసమే అని ఎవరైనా చెప్తే నమ్ముతాను. చదివితే మాత్రం ఏమీ అనిపించట్లేదు. రెండేళ్ల నుంచి ఇంతే" అన్నాడు. ప్రార్థనలో రెండు నిమిషాలు దాటితే మాటలు అయిపోతున్నాయట. సండేస్కూల్ పిల్లల ముందు తనే నమ్మని మాటలు చెప్తున్నట్టుందని, ఆ బాధ్యత వదిలేస్తానని అన్నాడు.

నేను మొదట అడిగింది నిద్ర గురించి, ఆకలి గురించి. ఆత్మీయ ఎండదనంగా కనిపించేది ఒక్కోసారి డిప్రెషన్ కావచ్చు. రెండు వారాలకు మించి దిగులు, నిద్ర చెడిపోవడం, ఇదివరకు ఇష్టపడిన పనులన్నీ రుచించకపోవడం ఉంటే నేను ముందు డాక్టర్ దగ్గరికి పంపుతాను. మానసిక ఆరోగ్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి మన ఊళ్లోనే ఉంది, అక్కడికి వెళ్లడంలో అవిశ్వాసం ఏమీ లేదు. ఇతనికి నిద్ర బాగుంది, పిల్లలతో ఆడుతున్నాడు, పనిలో ఉత్సాహం తగ్గలేదు. భార్యను కూడా అడిగాను. "మనిషి బాగానే ఉన్నారు, బైబిల్ తెరిచినప్పుడే మొహం అలా అవుతుంది" అందామె. అప్పుడు గాని ఇది నేను చూడవలసిన విషయమే అని నిర్ణయించుకోలేదు.

ఏం ప్రయత్నించాం, ఏం కుదరలేదు

మొదట మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం. ఒక వారం తేలికగా ఉన్నాడు, మళ్లీ మామూలే. దాని గురించి ఇంతకన్నా చెప్పేది లేదు.

తరువాత ప్లాన్ ఆపించాను. లెక్క కోసం చదవడమే జబ్బు అనుకున్నాను. రోజుకు ఒక్క కీర్తన మెల్లగా చదివి, మనసుకు తగిలిన మాట నోట్‌బుక్‌లో రాయమన్నాను. ఇది కొంత పని చేసింది. శనివారం రాత్రి టెన్షన్ పోయింది. "అయ్యగారూ, చదువుతుంటే ప్రశాంతంగా ఉంది" అన్నాడు. నేను సంతోషించి ఏడు వారాలు అలాగే సాగనిచ్చాను. ఎనిమిదో వారం నోట్‌బుక్ తెమ్మని, మొదటి పేజీ నుంచి చదివాను. దాదాపు ప్రతి రోజు రాత "నాకు", "నా" అనే మాటలతో మొదలయింది. నా భయం, నా ఉద్యోగం, నాకు విశ్రాంతి. కీర్తనల్లో బీదవారు, విధవరాండ్రు, తండ్రిలేనివారు, పరదేశులు అడుగడుగునా కనిపిస్తారు. ఏడు వారాల నోట్‌బుక్‌లో వాళ్లలో ఒక్కరూ లేరు. వాక్యం అతనికి అద్దం అయింది గాని, ఆ అద్దంలో అతను ఒక్కడే ఉన్నాడు. తప్పు అతనిది కాదు. "నీకు తగిలిన మాట" రాయమన్నది నేనే.

మూడో ప్రయత్నంలో పొరపాటు పూర్తిగా నాది. లోపలికి చూడటం ఎక్కువయింది కాబట్టి బయటికి పంపుదాం అనుకున్నాను. శనివారాలు ప్రభుత్వ ఆసుపత్రి బయట రోగుల బంధువులకు భోజనం పొట్లాలు పంచే మా గుంపులో చేర్చాను. సేవ చేస్తే విశ్వాసం దానంతట అదే కదులుతుందని నా ఆలోచన. మూడు శనివారాలు వచ్చాడు, నాలుగో శనివారం రాలేదు. అడిగితే నిజాయితీగా చెప్పాడు: "పొట్లం ఇచ్చాను, ఫోటో తీశారు, వచ్చేశాను. తిన్నది ఎవరో నాకు తెలియదు. దానికీ నేను పొద్దున చదివినదానికీ సంబంధం ఏంటో కూడా తెలియలేదు." ఆ పరిచర్య మంచిదే, ఇప్పటికీ జరుగుతోంది. ఇతని విషయంలో మాత్రం నేను చదువునూ సేవనూ రెండు వేరు మందుల్లా ఇచ్చాను. ఒకటి పని చేయకపోతే ఇంకొకటి అన్నట్టు.

ఆ వారం ఎజ్రా గ్రంథం 7వ అధ్యాయం 10వ వచనం దగ్గర చాలాసేపు ఉండిపోయాను. ఎజ్రా ధర్మశాస్త్రాన్ని పరిశోధించడానికి, దాని ప్రకారం నడవడానికి, ఇతరులకు నేర్పడానికి నిశ్చయించుకున్నాడని ఉంది అక్కడ. ఆ మూడూ ఒకే మనసులోంచి, ఆ వరసలో వస్తాయి. ఇతను ఆరేళ్లు నేర్పాడు, నాలుగుసార్లు చదివాడు. పరిశోధించింది, నడిచింది ఎక్కడ? అలా అడగవలసిన ప్రశ్న నేను అంతవరకు అడగలేదు.

ఏది కుదిరింది

లేవీయకాండం 19వ అధ్యాయం ఎంచుకున్నాను. అది ఎందుకో చెప్పాలి. సువార్తల్లో ఏ భాగం ఇచ్చినా అతనికి జవాబు ముందే తెలుసు. మంచి సమరయుడు అనగానే ప్రసంగం మొత్తం తలలో మోగుతుంది, చూపు పేజీ మీద నిలవదు. లేవీయకాండం మాత్రం నాలుగుసార్లూ వేగంగా దాటేసిన చోటు. పైగా ఆ అధ్యాయంలో 37 వచనాలే ఉన్నా పొలం ఉంది, కూలి ఉంది, చెవిటివాడు, గుడ్డివాడు, ముసలివాడు, పరదేశి, తూనికరాళ్లు ఉన్నాయి. తన గురించి మాత్రమే రాసుకోవడం అక్కడ కష్టం.

మూడు నియమాలు పెట్టాను. ఒకటి, ఫోన్ వద్దు, తెలుగులోనే చదవాలి. ఇంగ్లీషులో అతని కన్ను జారిపోతుంది. పాత తెలుగు అనువాదం గ్రాంథికం కాబట్టి ప్రతి వాక్యం దగ్గరా నిలబడక తప్పదు. ఇంట్లో నాయనమ్మ బైబిల్ అట్టలు ఊడి అలమరలో ఉందని చెప్పాడు, దాన్నే తీయమన్నాను. రెండు, మొదటి మూడు వారాలు "నాకు దీనివల్ల ఏమిటి" అని రాయకూడదు. ఎవరున్నారు, వాళ్ల చేతిలో ఏముంది, వాళ్లకు ఏమి లేదు, దేవుడు ఎవరితో మాట్లాడుతున్నాడు, ఇవే రాయాలి. మూడు, ఆరు వారాలు ఈ ఒక్క అధ్యాయమే. ప్రతి గురువారం పొద్దున ఆరున్నరకు, రోడ్డు మీద ట్రాఫిక్ మొదలవకముందు, ఒక గంట కలిసి కూర్చునేవాళ్లం.

రెండు వారాలు విసుగుపడ్డాడు. "మూడు రోజులకు ఇందులో అయిపోయింది అయ్యగారూ" అన్నాడు. ఆపేద్దామా అని నాకూ అనిపించింది. ఆపలేదు, ఎందుకంటే ఆ విసుగు కీర్తనల దగ్గర వచ్చిన ప్రశాంతత కన్నా నిజంగా ఉంది. పేజీతో పెనుగులాడుతున్నాడు.

మూడో గురువారం వచ్చేసరికి మనిషి వేరుగా ఉన్నాడు. 9వ వచనంలో కోతలో "పరిగెను" ఏరుకోకూడదు అని ఉంది. ఇంగ్లీషులో ఎన్నిసార్లు చదివినా అది పాత ఇశ్రాయేలు వ్యవసాయం సంగతిగా దాటిపోయింది. తెలుగులో ఆ మాట కచ్చితంగా తెలియక అమ్మకు ఫోన్ చేశాడు. ఆమె అంది: "పరిగె తెలియదా నీకు? కోత అయ్యాక చేలో రాలిన వెన్నులురా. మీ నాయనమ్మ చిన్నప్పుడు పరిగె ఏరుకొచ్చి, ఆ గింజలు దంచుకుంటేనే ఆ పూట వండుకునేవాళ్లు. కొందరు రైతులు ఏరనిచ్చేవాళ్లు, కొందరు తరిమేవాళ్లు."

నాకు ఆ మాటలు చెబుతూ ఏడ్చాడు. "ఈ బైబిల్ ఆవిడదే. ఈ వచనం కింద పెన్సిల్ గీత కూడా ఉంది. నేను పొలం గలవాడి వైపు నుంచే చదివాను అయ్యగారూ, అదీ నాలుగుసార్లు. ఆవిడ పరిగె ఏరుకునేవాళ్ల వైపు నుంచి చదివింది." నేనేమీ మాట్లాడలేదు. వాక్యం మాట్లాడుతుంటే మధ్యలో బోధకుడు వివరణ ఇవ్వకూడదు, ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న సంగతి. కాసేపటికి పక్క వచనం చూడమన్నాను. పొలం ఓరలనూ (అంచులనూ) రాలినవాటినీ బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమని చెప్పాక "నేను మీ దేవుడనైన యెహోవాను" అని ఉంది. ఆ అధ్యాయంలో రెండో వచనాన్ని పక్కన పెట్టినా ఆ మాట, కొన్నిచోట్ల "నేను యెహోవాను" అని పొట్టిగా, పదిహేనుసార్లు వస్తుంది. అతను వెతికి ఒక్కొక్కదాని చుట్టూ సున్నా చుట్టాడు. రెండేళ్లుగా అతను దేవుడు తన మనసులో ఏదైనా కదిలిస్తాడేమోనని ఎదురుచూశాడు. ఇక్కడ దేవుడు తన పేరును పొలం గట్టు మీద, గుడ్డివాడి దారిలో, ముసలివాడి ఎదుట, త్రాసు పక్కన రాసి పెట్టాడు.

నాలుగో వారం 13వ వచనం. కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకూడదు. ఇక్కడ నేను అతని ట్రెజరర్ పని గురించి ఎత్తలేదు, నాకు అది గుర్తే లేదు. "ఎవరున్నారు" అనే ప్రశ్న కింద అతనే రాసుకొచ్చాడు: "మా మెట్లు తుడిచే ఆమె. పేరు తెలియదు."

ఆ అపార్ట్‌మెంట్‌లో హౌస్‌కీపింగ్ కాంట్రాక్టర్ ద్వారా నడుస్తుంది. ఫ్లాట్ల వాళ్ల మెయింటెనెన్స్ డబ్బు వచ్చాక, 15వ తేదీకి అసోసియేషన్ బిల్లు కడుతుంది. కాంట్రాక్టర్ 20, 22 తేదీలకు గాని ఆడవాళ్లకు జీతం వేయడు. ఆ బిల్లు మీద నెలనెలా సంతకం పెట్టేది ఇతనే. ఆ వారం మెట్ల దగ్గర ఆమెను పలకరించాడు, కన్నడలో మొదలుపెట్టాడు. ఆమె చిత్తూరు జిల్లా వైపు మనిషి, తెలుగే. అయిదేళ్లుగా ఒకే మెట్ల మీద ఇద్దరూ తెలుగువాళ్లని ఒకరికొకరికి తెలియదు. జీతం ఆలస్యమైతే ఏం చేస్తారని అడిగాడు. "ఏం చేస్తాము సార్, వడ్డీకి తెచ్చుకుంటాము. నూటికి పది. అయిదు వేలు తెస్తే అయిదు నూర్లు ఆడనే పోతాది" అంది. ఒక రోజు కూలికి పైనే, ప్రతి నెలా, తన సొంత జీతం వేళకు రాక పోతోంది.

నిర్ణయం దగ్గర జరిగిన చర్చ

అతని మొదటి ఆలోచన, ఆమెకు తన జేబులోంచి అయిదు వేలు ఇచ్చేయడం. వద్దన్నాను. ఈ కేసులో నేను ఎక్కువగా ఆలోచించింది ఈ ఒక్క చోటే. అధ్యాయాన్ని మళ్లీ చూడమన్నాను. పరిగె, కూలి రెండూ ఒకే పేజీలో ఉన్నా రెండూ ఒకటి కావు. పరిగె విడిచిపెట్టేది, కూలి చెల్లించేది. కూలి ఇవ్వవలసిన చోట దానం ఇస్తే మన మనసు తేలికవుతుంది గాని ఆమె హక్కు అక్కడే ఆగిపోతుంది. పైగా అక్కడ పనిచేసే ఆడవాళ్లు అయిదుగురు, ఆమె ఒక్కతే కాదు. ఇది అసోసియేషన్‌లో తేలవలసిన సంగతి అన్నాను. అతను భయపడ్డాడు. చర్చి మనిషి కాబట్టి బోధ మొదలుపెట్టాడంటారేమో అని. వచనం చెప్పనక్కర్లేదు, లెక్క చెప్పు అన్నాను. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపు అందాలని, వెయ్యిమంది లోపు పనివాళ్లున్న సంస్థలకు 1936 నాటి జీతాల చెల్లింపు చట్టం చెప్పింది. 2019 వేతనాల కోడ్‌లోనూ నెల జీతానికి అదే ఏడో తేదీ. ఇది అతనే వెతికి తెచ్చుకున్నాడు.

మొదటి మీటింగ్‌లో కుదరలేదు. ఫ్లాట్ల వాళ్లే ఆలస్యంగా కడుతుంటే ముందు ఎక్కణ్ణుంచి తెస్తాం అన్నారు. అతను ఇంటికొచ్చి, ఎవరెవరు ఆలస్యం చేస్తున్నారో పట్టిక తీశాడు. అందులో తన ఫ్లాట్ కూడా ఉంది. పదకొండు నెలల్లో ఎనిమిదిసార్లు గడువు దాటాక కట్టాడు, జరిమానా చిన్నదే కదా అని. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "ఉంచుకున్నది నేనే" అన్నాడు. రెండేళ్ల తరువాత అతను రెండు నిమిషాలు దాటి ప్రార్థన చేసింది ఆ రాత్రే, ఫోన్‌లో, నేను వింటుండగా. ఒప్పుకోలుతో మొదలైంది, ఆ అయిదుగురి పేర్లతో ముగిసింది. అప్పటికి అందరి పేర్లూ తెలుసుకున్నాడు.

రెండో మీటింగ్‌లో ఆ పట్టికను తన పేరుతో సహా పెట్టాడు. వాదన అక్కడే మెత్తబడిందని చెప్పాడు. అసోసియేషన్ నిధిలోంచి ఒక నెల హౌస్‌కీపింగ్ బిల్లుకు సరిపడా డబ్బు విడిగా పెట్టారు. బిల్లు 1వ తేదీకే కడతారు, 5వ తేదీ లోపు జీతాలు బ్యాంకులో పడినట్టు కాంట్రాక్టర్ చూపించాలి. నాలుగు నెలలకు అది దారిలో పడింది.

అంతా బాగా ముగియలేదు. ఏడాది చివర కాంట్రాక్టర్ మారాడు. కొత్తవాళ్లు నలుగురిని ఉంచుకుని, వయసులో పెద్దామెను తీసేశారు. ఇతను అడ్డుపడ్డాడు, ఓడిపోయాడు. "వాక్యం ప్రకారం చేస్తే ఇలా ఎందుకయింది" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. ఆమెకు వేరేచోట పని దొరికేదాకా సంఘం నుంచి బియ్యం, అద్దెలో కొంత ఇచ్చాం. ఈసారి అది దానమే. పరిగె వచనం కింద దాన్ని చేశాం, కూలి వచనం కింద కాదు. ఆ తేడా ఇప్పుడు అతనికి నేను చెప్పనక్కర్లేదు.

నేను నేర్చుకున్నవి

ఎండదనం అని వచ్చేవాళ్లకు ఇంతకుముందు నేను వెంటనే ఓదార్పు వచనాలు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు ముందు వాళ్ల నోట్‌బుక్ చూస్తాను, అందులో ఎంతమంది మనుషులున్నారో లెక్కపెడతాను. ఆ మనిషి చేతిలో ఏ సంతకం, ఏ తాళం, ఏ లెక్క ఉందో కూడా మొదటి రోజే అడుగుతాను. ఇతని ట్రెజరర్ పని మొదటి రోజే నాకు చెప్పాడు, నేను దాన్ని ఆత్మీయ జీవితంలో భాగంగా చూడలేదు.

మాతృభాష సంగతి కూడా. బెంగళూరులో పెరుగుతున్న మన పిల్లలకు తెలుగు బైబిల్ బరువని ఇంగ్లీషు ఇచ్చేస్తున్నాం. అర్థమవడానికి అది అవసరమే. ఇతని నాయనమ్మ ఆకలి మాత్రం తెలుగు మాటలోనే దాగి ఉంది. ఇప్పుడు నేను పెద్దవాళ్లతో చదివేటప్పుడు, తెలియని ఒక్క మాటకైనా ఇంట్లో ముసలివాళ్లకు ఫోన్ చేయమంటాను.

ఈ పద్ధతి అందరికీ పనికొస్తుందని అనను. భర్తను పోగొట్టుకుని మూడు నెలలైన సోదరికి నేను లేవీయకాండం ఇవ్వను. ఆమెకు కీర్తనలే కావాలి, ఆమె "నాకు" అని రాసుకోవడమే సరి. బైబిల్ ఎవరి చేతిలో ఉందో చూసి భాగం ఎంచుకోవాలి.

"నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న మాట యేసు ప్రభువు ఎత్తి చూపినది. అది ఈ 19వ అధ్యాయంలోనే 18వ వచనం. కూలి వచనానికీ దానికీ మధ్య నాలుగే వచనాలున్నాయి. పద్నాలుగేళ్లు ప్రసంగించి కూడా ఆ రెంటినీ కలిపి నేను ఎప్పుడూ బోధించలేదు.

అతను సండేస్కూల్‌కు తిరిగి వచ్చాడు. ఎండిపోయిన రోజులు ఇప్పటికీ ఉన్నాయని చెప్తాడు, కాని బైబిల్ మూసి పారిపోవాలనిపించడం లేదట. ఇప్పుడు మేం యిర్మీయా 22వ అధ్యాయంలో ఉన్నాం. దేవదారు పలకలతో మేడ కట్టించుకుని పనివాళ్లకు జీతం ఎగ్గొట్టిన యూదా రాజు యెహోయాకీము, దీనులకు న్యాయం చేసిన అతని తండ్రి యోషీయా. 16వ వచనంలో, నన్ను తెలుసుకోవడమంటే అదే కదా అని దేవుడు అడుగుతాడు. పోయిన గురువారం ఆ ప్రశ్న దాకా వచ్చి ఆగాం. అతను నోట్‌బుక్‌లో తేదీ వేసి, దాని కింద తీసేసిన ఆ పెద్దామె పేరు రాశాడు.